నమూనా ఇల్లు

స్నానాల గది చూడగానే నోరీన్ గడప దగ్గరే ఆగిపోయింది.

గోడలు గులాబీ. తొట్టి గులాబీ. చేతులు కడుక్కునే బేసిన్ గులాబీ. చివరికి కమోడ్ మూత కూడా గులాబీయే. దగ్గుమందు సీసా పగిలి గదంతా ఒలికినట్టుంది.

"మా ఆవిడ ఇది చూసి కళ్ళనీళ్ళు పెట్టుకుంది మేడమ్," అన్నాడు స్వెన్సన్, ఇళ్ళమ్మే కంపెనీ మనిషి.

"పాపం, ఎవరికైనా ఏడుపొస్తుంది," అంది నోరీన్.

అతను పగలబడి నవ్వాడు. తలకి పట్టించిన నూనె వాసన గుప్పుమంది.

కాన్సస్ సిటీ శివార్లలో మొక్కజొన్న చేలు చదును చేసి కట్టిన పేట అది. నేలకి అతుక్కున్నట్టు పొడుగ్గా సాగిన ఒంటి అంతస్తు రాంచ్ ఇళ్ళు. 1955లో పెళ్ళయిన ప్రతి జంటా అలాంటి ఇంటి కోసమే కలలు కనేది. కొనేవాళ్ళకి చూపించడానికి ఈ ఒక్కదాన్నీ ముస్తాబు చేసి ఉంచారు.

హాల్లో సోఫాకి ప్లాస్టిక్ తొడుగు. కూర్చుంటే తొడలకి అంటుకుని చర్రుమంది. బల్ల మీద మైనపు ద్రాక్షపళ్ళు. ఎవరో ఒకటి కొరికి పెట్టారు కూడా. చీ!

"నచ్చని రంగులు చెప్పండి, మార్పించేస్తాను."

"వంటిల్లు పసుప్పచ్చ. నిమ్మపండు పసుపు, ఆవపిండి పసుపు కాదు. హాల్లో ఒక్క గోడకే ముదురు నీలం. వీధి తలుపు నారింజ. ఈ గులాబీ మాత్రం కంటికి కనబడకూడదు." పాఠం అప్పజెప్పినట్టు గడగడా చెప్పేసింది.

"అబ్బో, అన్నీ ముందే అనుకుని వచ్చారే! ఇంక మీకేం పని లేదు సార్!"

ఆమె భర్త క్లిఫర్డ్ నవ్వలేదు. టోపీ తీసి నుదురు తుడుచుకున్నాడు. "ఇరుగుపొరుగు ఎలాంటివాళ్ళు?" అన్నాడు.

స్వెన్సన్ దగ్గరికి జరిగి, చెమట పట్టిన చెయ్యి నోరీన్ భుజం మీద వేశాడు.

"ఆ బెంగే వద్దు. అంతా మనవాళ్ళే. వేరేవాళ్ళు బస్తాలతో డబ్బు తెచ్చినా అమ్మం. మనిషిని చూడగానే పసిగట్టేస్తాను నేను," అని కన్ను గీటాడు.

భుజం మీద జలగ పాకుతున్నట్టుంది. గొంతులోకి పుల్లగా ఏదో ఎగదన్నింది. నోరీన్ మింగేసింది. మింగి, నవ్వింది. ఆ నవ్వుకి తన మీద తనకే రోత పుట్టింది.

"మీరా మాటన్నాక ప్రాణం కుదుటపడిందండీ," అంది.

సంతకాలయ్యాయి. కారెక్కగానే అద్దం దించి, రుమాలుతో భుజం ఎర్రబడేదాకా రుద్దుకుంది.

"ఇంకో నిమిషం ఉంటే అక్కడే కక్కేసేదాన్ని."

"ఆ గులాబీకా?"

"అన్నిటికీ. పోనివ్వు ముందు."

నెల తిరిగాక ఒక శనివారం పొద్దున, వీధిలో కిటికీ తెరలు ఒక్కొక్కటే తొలుగుతుంటే, నోరీన్ ఆ ఇంటి తలుపు తెరిచి పక్కకి జరిగింది, రంగులన్నీ తనే ఎంచి, మీ పేరు మీద కొనిపెట్టండని నోరీన్‌ వాళ్ళని పంపిన స్నేహితురాలు వెర్నెల్, తన భర్త చెయ్యి పట్టుకుని లోపలికి నడిచింది, తెల్లవాళ్ళకే అమ్మే ఆ పేటలో కాపురం పెట్టిన మొట్టమొదటి నల్లజాతి ఇల్లాలు.