రోటోటూనా సంధి

నళిని తలుపు తీసేసరికి, న్యూజిలాండ్‌లోని రోటోటూనా తెలుగు సంఘం ప్రెసిడెంటు ఎన్నికల్లో ఆమె చేతిలో ఓడిపోయిన పురుషోత్తం పళ్ల మధ్య గడ్డిపరక కరుచుకుని నిలబడి ఉన్నాడు.

“ఇదేంటండీ?”

“ఓడిన రాజు గడ్డి కరిచి వస్తే గెలిచినవాళ్లు శరణివ్వాలి. పాతకాలం పద్ధతి. గడ్డి మా లాన్‌దేలెండి.”

తడిసిన గొడుగు మడిచి ఆమె కాళ్ల దగ్గర పెట్టాడు. “ఛత్రం మీది.” సంఘం హాలు తాళాలిచ్చాడు. “కోట కూడా మీదే.”

ఆరేళ్లుగా ఆ పదవి కోసం తపించిన నళిని మనసు ఉప్పొంగిపోయింది.

“పోన్లెండి, క్షమించాను” అంది.

అతను కారులోంచి గంగాళం దించాడు. అడుగున మొన్నటి మీటింగు పులిహోర అట్టకట్టి ఉంది.

“ఇదెవరు తోముతారండీ?”

“ఆరేళ్లూ ప్రెసిడెంటే తోమాడమ్మా.”

“మూడొందల కుర్చీలు వేసేది?”

“ప్రెసిడెంటే.”

“మరి కమిటీ?”

“ఫొటోలు దిగుతుంది. మీరూ దిగారుగా!”

నళిని గంగాళం వైపు చూసింది. “పాతకాలంలో గెలిచిన రాజు, ఓడినవాడి రాజ్యం వాడికే తిరిగిచ్చేవాడట కదండీ?”

“ఇచ్చేవాడు. అందుకే తొందరగా వెళ్తున్నా” అంటూ పురుషోత్తం కారెక్కేశాడు.

నళిని చెప్పులైనా వేసుకోకుండా పరుగెత్తి, దారిలో తన లాన్‌లోంచి గుప్పెడు గడ్డి పీకి, నోట కరుచుకుని, కారుకు అడ్డంగా నిలబడింది.