సున్నా వేసిన మనిషి

ఆ ముసలావిడ పరీక్షను పాడుచేసింది. అందులో రెండో మాట లేదు.

పాత సినిమాలను బాగుచేసే ఆఫీసులో నాణ్యత చూసే పని ఆయనది. భార్య పోయాక ఆయన నవ్వగా చూసినవాళ్ళు లేరు. ప్రొజెక్టరు తిప్పేది ఆయన బావమరిది.

పరీక్ష తేలికైనదే. ఎడమ తెర మీద పాత రీలు ఆడుతుంది. కుడి తెర మీద అదే బొమ్మ, కంప్యూటరు శుభ్రం చేసి పెద్దది చేసినది. గీతలుండవు, మసక ఉండదు. చెరిగిపోయిన చోట ఏముండి ఉంటుందో కంప్యూటరే ఊహించి గీస్తుంది.

వీధిలో పోయేవాళ్ళను నలుగురిని పిలిచి కూర్చోబెట్టి, కొత్తదానికి మార్కులు వేయమంటారు. ఒక్కరు సున్నా వేసినా పాసు కాదు. పాసైతే పాత రీలునూ, దాని నకళ్ళనూ తీసిపారేస్తారు. కుళ్ళిన రీలును ఉంచితే పక్కనున్నవాటిని కూడా కుళ్ళబెడుతుంది; నకళ్ళు ఉంచితే కంప్యూటర్లో చోటు చాలదు.

ఆ రోజు ఆఖరి రీలు సినిమా కాదు. ఆయన భార్యది.

మేడ మీద బట్టలు ఆరేస్తున్న ఆవిడ వెనక్కి తిరుగుతుంది. కెమెరా వైపు చూసి, నవ్వుతూ ఏదో అంటుంది.

అది మాట పట్టని కెమెరా. దాని రొదలో, తీస్తున్న ఆయనకూ వినబడలేదు. తర్వాత అడగవచ్చులే అనుకున్నాడు. అడగలేదు.

మొహం తేటపడితే ఆ మాటేమిటో పోల్చుకోవచ్చని ఆయన ఆశ. అందుకే ఆ రీలును బాగుచేయించాడు. అది తన భార్య అని వచ్చినవాళ్ళకు చెప్పలేదు.

ముగ్గురు పూర్తి మార్కులు వేశారు. ముసలావిడ సున్నా వేసింది.

బావమరిది ఆవిడ ఎదురుగా వెళ్ళి నిలబడ్డాడు.

"ఏంటమ్మా, సున్నా వేశారు?"

"కుడిపక్క ఆవిడ మాట్లాడటం లేదు బాబూ. ఊరికే నోరు ఆడిస్తోంది," అంది ముసలావిడ, గది అదిరేంత గట్టిగా.

"రెండూ మూగ బొమ్మలేనమ్మా."

"ఎడమపక్క ఆవిడ మాట్లాడుతోందిగా."

మిగతా ముగ్గురూ నవ్వారు.

"మనకేమో బొమ్మే వస్తోంది, ఈవిడకు సౌండు కూడా వస్తోంది," అన్నాడు వాళ్ళలో ఒకడు.

ఆయన లేచి వచ్చాడు.

"మొహం ఎంత తేటగా వచ్చిందో చూశారా?"

"చూశాను. పెళ్ళికూతుర్ని చేసినట్టు చేశారు. మాటే లేదు."

ఆవిడ కళ్ళార్పకుండా ఆయన నోటివైపే చూస్తోంది. ఆయనకు ఒళ్ళు మండింది. వెనక్కి తిరిగి ప్రొజెక్టరు దగ్గరకు నడిచాడు.

"సరే, ఎడమపక్క ఆవిడ ఏమంటోందో చెప్పండి చూద్దాం," అన్నాడు అటు తిరిగే.

ముసలావిడ కుర్చీలోంచి లేచింది.

"మిమ్మల్నే. చెప్పండి."

ముసలావిడ సంచి సర్దుకుంటోంది.

"చూశావా? అడిగేసరికి నోరు పడిపోయింది," అన్నాడు ఆయన బావమరిదితో.

"పోనీ బావా, ఆ రీలును నాలుగు రోజులు పక్కన పెడదాం. ఇంకెవరికైనా చూపిద్దాం."

"ఈవిడ సరదా కోసం పద్ధతి మార్చాలా? ఆ సున్నా కొట్టెయ్. మతి లేనివాళ్ళ మార్కు లెక్కలోకి రాదు."

"అది కాదు బావా..."

"ఏం, మీ అక్క మొహం నీకూ నచ్చలేదా?"

"నచ్చింది. అక్కకంటే బాగుంది. అదే నాకు..."

"బాగుంది కదా. కొట్టెయ్."

బావమరిది కొట్టేశాడు.

ముసలావిడ గుమ్మం దగ్గర ఆగింది.

"ఆ పాతది పారెయ్యకండి బాబూ," అంది.

ఆయన తలెత్తలేదు.

మధ్యాహ్నం ఆయనే స్వయంగా రీలును ముక్కలుచేసే మిషన్లో పెట్టాడు. పులిసిన వాసన గది నిండా వేసింది. నకళ్ళు చెరిపేశాడు. తర్వాత కుడి తెర ముందు కూర్చుని కొత్తదాన్ని మళ్ళీ మళ్ళీ తిప్పాడు. కనురెప్పలు లెక్కపెట్టవచ్చు, అంత తేటగా ఉంది. పెదాలు కదులుతున్నాయి. ఏ మాటా తట్టలేదు.

ఆఫీసు మూసి ఇద్దరూ కిందికి దిగారు. గేటు దగ్గర వాచ్‌మన్ స్టూలు మీంచి లేచాడు.

"పొద్దున వచ్చిన పెద్దావిడను ఒంటరిగా పంపేశారేంటి సార్? వెనకాల లారీవాడు హారన్ మీద చెయ్యి తియ్యలేదు. ఆవిడ కదిలితేనా. నేను పరిగెత్తి పక్కకు లాగాను."

"పొగరు," అన్నాడు ఆయన.

"పొగరు కాదు సార్, చెవుడు. చిన్నప్పుడు జ్వరమొచ్చి చెవులు పోయాయట. బాంబు పేలినా తెలీదు."

"మాతో బాగానే మాట్లాడిందే," అన్నాడు బావమరిది.

"ఎదురుగా ఉంటే మాట్లాడుతుంది సార్. మన పెదాలు చూసి చదువుకుంటుంది. అదిగో, ఆ రోడ్డవతల ఆటోవాడు ఫోన్లో పెళ్ళాన్ని ఏమని బతిమాలుకుంటున్నాడో ఇక్కణ్ణుంచే నాకు పొల్లుపోకుండా చెప్పింది. నాకు నవ్వాగలేదు."

ఎవరూ నవ్వలేదు. వాచ్‌మన్ ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశాడు.

"ఎటు వెళ్ళింది?" అన్నాడు బావమరిది.

"వచ్చిన బస్సు ఎక్కేసింది సార్. ఎప్పుడో."

"పేరైనా అడగలేదు బావా మనం."

ఆయన గేటు దాటి రోడ్డు మీదకు వచ్చాడు. బావమరిది వెనకే వచ్చి, అందుకుని, ముందుకెళ్ళి నిలబడ్డాడు.

"అక్క ఏమందో ఆవిడకు తెలుసు బావా."

"తప్పుకో," అన్నాడు ఆయన. "ఈ సంగతి నా దగ్గర ఇంకెప్పుడూ ఎత్తకు."

ఆయనా ఎత్తలేదు.