తెర మీద తెల్లగీత

"కదలకండి మాస్టారూ. మెడలో రక్తనాళం గోడ ఎంత కదులుతుందో కొలుస్తున్నాను," అన్నాడు డాక్టరు.

అమలాపురానికి కొత్తగా వచ్చిన స్కానింగు మిషను తెర మీద సన్నటి తెల్లగీత మెల్లగా లేచి పడుతోంది.

భర్త మెడకి జెల్లీ రాయడానికి వచ్చిన నర్సుని చూసి కృపావతి చివాల్న లేచింది. మార్తమ్మ! పెళ్ళికి ముందు ఆయనకి అనుకున్న సంబంధం.

"బాగున్నారాండీ?" అంది మార్తమ్మ. కృపావతి తెర వైపు చూసేసరికి గీత ఎగురుతోంది.

"దాని పలకరింపుకే అన్ని గంతులా! ఇంటికి పోతున్నాను," అంటూ కృపావతి గడప దాటింది.

"అమ్మగారూ, రండి!" డాక్టరు కేకేశాడు. "మీరు లేచినప్పుడే ఎగిరిందండీ. ఇప్పుడు మరీ ఆగట్లేదు."

ఆమె వచ్చి భర్త పక్కన కూర్చుంది. గీత నెమ్మదించింది.

"మార్తమ్మగారూ," అంది కృపావతి, "జెల్లీ ఇంకొంచెం రాయండి."