ఆగినప్పుడు ఊగే బండి

"నీ బండెక్కినవాళ్ళలో ఇంతవరకూ ఒక్కరైనా ఊగుతోందని ఫిర్యాదు చేశారా తమ్ముడూ?" అన్నాడు మెకానిక్, బానెట్ ఎత్తకుండానే.

డ్రైవరు నవ్వలేదు. అతనిది శవాలను మోసే బండి. వెనక సీట్లన్నీ పీకేసి స్ట్రెచరు బిగించిన పాత పొడుగాటి కారు. పరుగులో ఉన్నంతసేపూ బుద్ధిగానే ఉంటుంది. ఎక్కడైనా ఆగి ఇంజను ఊరికే నడుస్తుంటే చాలు, చలిజ్వరం పట్టినట్టు వణుకుతుంది. పాత బళ్ళన్నీ అంతేనని, ఓనరుకే లేని బాధ నీకెందుకని మెకానిక్ తేల్చేశాడు.

అప్పుడు డ్రైవరు నిన్న జరిగింది చెప్పాడు. రైలు గేటు దగ్గర బండి ఆగింది. వెనక పాతికేళ్ళ కొడుకు పక్కన తల్లి కూర్చుని ఉంది. బండి వణికింది. దుప్పటి కింద నుంచి చెయ్యి జారి, వేళ్ళు కదిలాయి. ఆమె పెట్టిన కేకకు గేటు దగ్గరున్న జనమంతా పోగయ్యారు. అది ఇంజను ఊపమ్మా అని ఎంత మొత్తుకున్నా ఆమె చెవికెక్కలేదు. బండి వెనక్కి తిప్పించింది. ఆస్పత్రిలో డాక్టరు మళ్ళీ నాడి చూసి, మళ్ళీ తల అడ్డంగా ఊపాడు.

"పొద్దున పోయిన కొడుకు మధ్యాహ్నం ఇంకోసారి పోయాడన్నా ఆవిడకి. రెండోసారి చంపింది నేనే," అన్నాడు డ్రైవరు. "ఇవాళ ఇది బాగవకపోతే తాళాలు ఓనరు చేతిలో పెట్టేసి ఇంటికెళ్ళిపోతా."

మెకానిక్ బానెట్ ఎత్తాడు.

ముందు ఇంజను కింద జాకీ పెట్టి అది కూర్చునే రబ్బరు దిమ్మలు చూశాడు. ఒకటి నిలువునా చీలి ఉంది. దొరికిందిరా దొంగ అనుకుని కొత్తది వేశాడు. స్టార్ట్ చేస్తే ఊపు కాస్త తగ్గింది గానీ పోలేదు. తర్వాత ఇంజను నడుస్తుండగానే ప్లగ్గుల వైర్లు ఒక్కొక్కటే పీకి చూశాడు. మొదటి మూడింటికీ ఇంజను తూలింది. నాలుగోది పీకినా ఉలుకూ లేదు, పలుకూ లేదు. అంటే నలుగురు మోయాల్సిన బరువు ముగ్గురే మోస్తున్నారన్నమాట. ప్లగ్గు మార్చాడు. వైరు మార్చాడు. అయినా నాలుగోది మొండికేసుకునే ఉంది.

చేతులు గుడ్డకు తుడుచుకుంటూ, ఇక ఇంజను పైభాగం మొత్తం విప్పాల్సిందేనని, వారం పడుతుందని, అప్పటికైనా బాగవుతుందని మాటివ్వలేనని చెప్పాడు. డ్రైవరు పక్కనున్న పాత టైరు మీద కూలబడ్డాడు. వారంపాటు బండి ఆపితే ఓనరు ఊరుకోడు. బండి ఆపకపోతే రేపు ఇంకో తల్లి.

అతని మొహం చూసి మెకానిక్‌కు మనసొప్పలేదు. మళ్ళీ బానెట్ కింద తలదూర్చి, షెడ్డులో ఫ్యాను కట్టేయించి, చెవి ఒగ్గి విన్నాడు. ఎక్కడో సన్నగా బుస్సుమంటోంది. ఇంజనులోకి గాలి పీల్చుకునే చోట, నాలుగో ప్లగ్గు పక్కనే, గొట్టం అడుగున వెంట్రుకంత పగులు. దానిమీద బొటనవేలు నొక్కిపెట్టాడు. ఏడ్చి ఏడ్చి నిద్రపోయిన పసిబిడ్డలా ఇంజను ఒక్కసారిగా నెమ్మదించింది.

కొత్త గొట్టం బిగించాక, నిండుగా ఉన్న టీ గ్లాసు ఇంజను మీద పెట్టి చూపించాడు. టీ తొణకలేదు. డ్రైవరు అతని మసి చేతులు రెండూ పట్టుకుని కాసేపు వదల్లేదు.

మర్నాడు ఉదయం ఆస్పత్రి నుంచి ఒక పెద్దాయనను ఎక్కించుకున్నాడు. బంధువులు వెనక కార్లలో వస్తున్నారు. భార్య మాత్రం స్ట్రెచరు పక్కనే కూర్చుంది. బక్కపలచని ముసలావిడ. ఏడవడం లేదు. దుప్పటి మీద నుంచే ఆయన చేతిని తడుముతోంది.

మొదటి సిగ్నల్ దగ్గర బండి ఆగింది. డ్రైవరు భయం భయంగా అద్దంలోకి చూశాడు. దుప్పటి మడత కూడా కదల్లేదు. ఈ పనిలో చేరాక ఎర్రలైటు దగ్గర నిబ్బరంగా ఊపిరి పీల్చుకున్నది అదే మొదటిసారి.

రెండో సిగ్నల్ దగ్గర ముసలావిడ ముందుకు వంగి ఆయన మొహంలోకే చూస్తూ కూర్చుంది. పచ్చలైటు పడ్డాక నెమ్మదిగా వెనక్కి వాలింది.

శ్మశానం గేటు ముందు బండి ఆగింది. డ్రైవరు తాళం మీద చెయ్యి వేశాడు.

"ఇంజను ఆపేశావా బాబూ?"

"లేదమ్మా, నడుస్తూనే ఉంది. ఆపమంటారా?"

"వద్దు. ఇంకాసేపు ఉండనీ."

అలాగేనమ్మా అని ఊరుకున్నాడు. కార్లలోంచి బంధువులు దిగారు. ఎవరో వచ్చి తలుపు తీయబోతే, ఆగమని ఆవిడ చేత్తోనే సైగ చేసింది. ఇంజను మెత్తగా నడుస్తోంది. దుప్పటి మీద నుంచి ఆవిడ చూపు మళ్ళడం లేదు. చివరికి డ్రైవరే వెనక్కి తిరిగి, ఏం కావాలమ్మా అని మెల్లిగా అడిగాడు.

"నీ బండి ఆగినచోట మనిషి ఒక్కసారి కదులుతాడటగా నాయనా, ఆస్పత్రిలో అనుకుంటుంటే విని, అక్కడ వేరే బళ్ళున్నా వద్దని తెల్లవారుజాము నుంచీ నీ కోసమే కూర్చున్నాను," అంది ఆవిడ.