ఆలస్యానికి కారణం

లైట్ల స్విచ్ వేసి, కారు తలుపు చప్పుడు కాకుండా మూసింది కూతురు. నీడపట్టున ఉన్న ఎదుటి గోడ మీద రెండు పచ్చటి వలయాలు పడ్డాయి. తిరిగి ఇంటి కిటికీ వైపు చూసింది. తెర వేసే ఉంది.

చేతిలో నాన్న మందుల డబ్బా. తప్పుడు పని చేసేవాళ్లకి ఏదో ఒక సాకు ఉండాలి కదా. కారు తాళం అడగడానికి ఆ డబ్బానే సాకు.

మోసమే. అదీ కన్నతండ్రిని. కానీ పోయిన నెల ఆయన కారు వెనక్కి తీస్తూ మనవరాలి మూడు చక్రాల సైకిల్ మీదికి ఎక్కించేశాడు. చిన్నది అప్పుడే దిగి, ఊడిన చెప్పు కోసం పక్కకి వెళ్లింది. సైకిల్ రేకు ముక్క అయింది. ఆ రోజు నుంచీ కూతురికి కంటి మీద కునుకు లేదు.

“ఇక నడపకు నాన్నా” అన్న మాట గొంతు దాకా వచ్చేది, దాటేది కాదు. ముప్పై రెండేళ్లు బస్సు నడిపి ఒక్క మనిషికీ చిన్న గీత పడనివ్వని ఆయనతో ఆ మాట ఏ నోటితో అనడం? ఆయనంతట ఆయనే తాళం వదిలెయ్యాలి. ఇంటికి అరవై కిలోమీటర్ల దూరంలో, లైట్లు ఆపడం మరిచి బ్యాటరీ దింపేశానని అనుకుంటే, తన మీద తనకే నమ్మకం పోతుంది. బ్యాటరీ ఎలాగూ పాతది, గంటలో దిగిపోవచ్చు. అదీ ఆమె ఎత్తు.

లోపల, కిటికీ పక్క కుర్చీలో నాన్న. ఎదురుగా చదరంగం బల్లకి అటువైపు ఆ ఇంటాయన, నాన్న బస్సులో పాతికేళ్లు టికెట్లు కొట్టిన కండక్టరు.

“దొరికాయా మందులు?” అన్నాడు నాన్న, బల్ల మీంచి తల ఎత్తకుండా.

“ఆ” అంది.

నాన్న ఎక్కడికి వెళ్లినా గంటకి మించి కూర్చునే రకం కాదు. వేళకి బయల్దేరడం ఆయనకో జబ్బు. ఇవాళ ఒక ఆట ఓడి రెండోది పెట్టించాడు. అదీ ఓడి మూడోది పెట్టమన్నాడు.

“ఏరా డ్రైవరూ, ఎప్పుడూ నిప్పుల మీద కూర్చున్నట్టు లేచిపోతావు. ఇవాళ ఏమైంది నీకు?”

“నిన్ను ఓడించకుండా కదిలేది లేదు.”

కండక్టరు భార్య రెండోసారి టీ తెచ్చింది. కూతురు మొదటి కప్పే ఇంకా ముట్టలేదు. వెళ్లి లైట్లు ఆపేద్దామని రెండుసార్లు లేచింది. రెండుసార్లూ మళ్లీ కూర్చుంది.

నాలుగున్నరకి బయటికొచ్చారు. నాన్న తాళం తిప్పాడు. టిక్ మంది. మళ్లీ తిప్పాడు. ఆ టిక్ కూడా లేదు.

“లైట్లు ఆపావా నాన్నా?” ఆ అడిగిన గొంతు తనదేనా అనిపించింది ఆమెకి.

నాన్న స్విచ్ కేసి చూశాడు. “లేదమ్మా. వేసింది వేసినట్టే ఉంది. వస్తుంటే దారిలో వాన కదా.”

వీధి చివరి మెకానిక్ ఇంకో బ్యాటరీ, వైర్లు పట్టుకుని వచ్చాడు. పని కన్నా నోరు ముందు. “పెద్దాయనా, పట్టపగలు లైట్లు వేసి ఎవరికి దారి చూపిస్తున్నారండీ?”

కండక్టరుకి రోషం వచ్చింది. “ఎవర్ననుకున్నావు? వీడి ట్రిప్ షీట్ అంటే డిపో అంతా కళ్లకద్దుకునేది. తన తప్పుకి తనే సంజాయిషీ రాసుకునేవాడు గానీ, అందులో ఒక్క అబద్ధం రాసి ఎరగడు.”

“పోనీలేరా” అన్నాడు నాన్న. “వయసు.”

ఆ మాటకి కూతురికి భూమిలోకి కుంగిపోతే బాగుండుననిపించింది. నిజం చెప్పేద్దామని నోరు తెరిచింది. రేకు ముక్క అయిన సైకిల్ కళ్ల ముందుకొచ్చింది. నోరు మూసుకుంది.

ఇంజిన్ అందుకుంది. నాన్న దాన్ని ఆపకుండానే కిందికి దిగాడు.

“నువ్వు నడుపమ్మా. ఇవాళే కాదు, ఇక ఎప్పుడూ నువ్వే.”

ఆమె కోరుకున్నది అదే. అనుకున్నంతా అయింది. స్టీరింగ్ ముందు కూర్చుని కారు కదిలించింది. పక్క సీట్లో నాన్న, ఎప్పటిలాగే, డ్యాష్‌బోర్డు అరలోంచి నోటుబుక్కు తీశాడు. రిటైరై తొమ్మిదేళ్లయినా ట్రిప్ షీట్ రాసే అలవాటు పోలేదు. బయల్దేరిన వేళ, చేరిన వేళ, ఆలస్యానికి కారణం. కుదుపుల్లోనే రాసి, మూసి, దారంతా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు.

ఇల్లు చేరగానే “తాతా” అంటూ చిన్నది పరిగెత్తుకొచ్చింది. ఆయన దాన్ని ఎత్తుకుని లోపలికి వెళ్లాడు.

కూతురు కారులోనే ఉండిపోయింది. ఒక్క అబద్ధం రాయని మనిషి చేత, తన మూలంగా, ‘డ్రైవర్ మతిమరుపు’ అని రాయించేశాను కదా అనుకుంది. ఆ పాపం కళ్లారా చూసుకోవాలనిపించింది. అర తెరిచి నోటుబుక్కు తీసింది.

‘ఆలస్యానికి కారణం’ అన్న గడిలో నాన్న గుండ్రటి అక్షరాలు ఇలా ఉన్నాయి: ‘ఒంటిగంట పదికి అమ్మాయి లైట్లు వేయడం తెర సందులోంచి చూశాను, బ్యాటరీ దిగేదాకా కావాలనే ఆట సాగదీశాను.’