ఉప్పునీళ్ళ బరువు

"కుళాయి కట్టెయ్!" అంటూ మేడమీదికొచ్చాడు అన్న.

తమ్ముడు తిరిగి చూడలేదు. పగడాలు పెంచడానికి కట్టించుకున్న గోడంత గాజు తొట్టిలోకి నీళ్ళు పడుతున్నాయి. అడుగున పేర్చిన రాళ్ళు సగం మునిగాయి.

"నా వాటా, నా ఇష్టం."

"దాని కింద నా మంచం ఉందిరా!"

"జరుపుకో. ఇన్నేళ్ళుగా పలకరించనోడివి, ఇప్పుడు పెత్తనానికొచ్చావా?"

"సముద్రాన్ని తెచ్చి నా నెత్తిన పెడుతుంటే రాకేం చేస్తాను? కప్పు కూలితే నీ పగడాలూ మిగలవు, మేమూ మిగలం."

"పగడాల సంగతి నేను చూసుకుంటాను. నువ్వు దిగు."

అన్న విసురుగా దిగిపోయాడు. కాసేపటికి కింద ఇనుము మోగింది. నీళ్ళ పైపులు పగలగొడుతున్నాడనుకుని తమ్ముడు పళ్ళు నూరుతూ పరుగెత్తాడు.

పడకగదిలో మంచం గోడవారకి జరిపి ఉంది. వదిన పట్టుకుంటే, అన్న దూలం కింద ఇనప గుంజ బిగిస్తున్నాడు. ఇంకొకటి నేలమీద ఉంది.

"నువ్వు మాట వినవని ముందే తెప్పించారు" అంది వదిన.

తమ్ముడు పైకెళ్ళి కుళాయి కట్టేసి వచ్చాడు. రెండో గుంజ ఎత్తుకుని, "ఎక్కడ పెట్టాలన్నయ్యా?" అన్నాడు.

"నీ తొట్టి ఎక్కడుందో నీకు తెలీదా?" అని కసిరాడు అన్న.