పేరు రాసిన వైపు

2013 నవంబరు 9. పొద్దున్నే ఒక వింత: నౌపడ చర్చిలో ఏసమ్మత్త పాడిన క్రిస్మస్ పాటల సీడీ కంప్యూటరులో పెడితే ఒక్క పాటా రాలేదు.

బస్సెక్కి శ్రీకాకుళం వెళ్లి, అరసవల్లి రోడ్డులో ధనరాజ్ అన్నయ్య కంప్యూటర్ల షాపులో చూపించాను. ఆయన సీడీని ట్యూబులైటు వైపు ఎత్తి, పేరు రాసిన వైపు చూశాడు.

"ఏటే, మేకుతో సెక్కీసినావేటి?"

"బాల్‌పెన్నే అన్నయ్యా."

"కొంప ముంచీసినావు. పాటలుండే పొర ఈ వైపే, పైపైనే ఉంటాది. నొక్కి రాస్తే గీసుకుపోతాది. మెత్తటి మొన, నీళ్ల ఇంకు మార్కరు కావాల. అదీ మద్దెన కన్నం సుట్టూ ఖాళీ ఉన్న కాడ రాయాల."

"బాగుచెయ్యలేవా?"

"ఎవుడి వల్లా అవ్వదు. ఇంకో కాపీ ఉన్నాదా?"

"లేదు."

"మరైతే పాడినావిడ సేత మల్లీ పాడించుకో."

జనవరిలో గొంతు ఆపరేషను అయ్యాక ఏసమ్మత్తకి స్వరం పోయింది. చెప్పాలనుకున్నది రాసి చూపించడానికి యాభై ఐదేళ్ల వయసులో నా దగ్గర అక్షరాలు నేర్చుకుంటోంది. మొన్న ఆదివారం మొదటిసారి తన పేరు తానే రాయగలిగింది. పలక పక్కన పెట్టి, ఈ సీడీ మీదే రాస్తానని సైగ చేసింది. నా పెన్ను ఇచ్చాను. పళ్లు బిగబట్టి, ఒక్కో అక్షరాన్నీ గట్టిగా నొక్కి రాసింది.

మెత్తటి మార్కరు ఒకటి కొన్నాను. రేపు పొద్దున్నే, ఆరాధనకి ముందే, దాన్ని అత్త చేతికిచ్చి, సీడీ నేనే కింద పడేసి విరగ్గొట్టానని చెబుతాను.